యూరియా సంచి కట్టిన బండి

మా ఆఫీసు ముందు బండి పెట్టడమంటే స్టాండు వేసి లోపలికి పోవడం కాదు. పెట్టడం ఒక పని. పెట్టాక ఉందో పోయిందోనని గంటకోసారి కిటికీలోంచి తొంగి చూడటం ఇంకో పని. ఈ రెండో పనికి జీతం ఎవరూ ఇవ్వరు.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వైపు పోతుంటే, అడవి మొదలయ్యే చోట ఉంటుంది నేను గుమాస్తాగా చేసే ఆ చిన్న ఆఫీసు. లోపల రేకుల షెడ్డు ఒకటుంది. అది పెద్దసారు జీపుకి. జీపు రాని రోజు కూడా అది జీపుకే. మేమూ, పనుల మీద వచ్చే జనమూ ప్రహరీ బయట వేపచెట్టు కింద పెట్టుకోవాలి. ఆ గోడ మీద ఎర్రరంగుతో ‘మీ వాహనాలకు మీరే బాధ్యులు’ అని రాయించారు. రాయించే ఓపిక ఉన్నప్పుడు ఒక గేటు పెట్టించవచ్చు కదా అని అడిగాను. గేటు పెడితే జనానికి ఇబ్బంది అన్నారు. దొంగలూ జనమే కదా మరి.

నాకంత ఆరాటం ఎందుకంటే భద్రాచలంలోని మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క బండే. పొద్దున నాది, సాయంత్రం మా ఆవిడది. ఆమె గోదావరి బ్రిడ్జి అవతల, బూర్గంపాడు వైపు ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. రాత్రి డ్యూటీ. ఏడింటికల్లా సంతకం పెట్టాలంటే ఆరింటికి బండి మా గుమ్మం ముందుండాలి. గేరు బండి ఆమె నాకంటే బాగా నడుపుతుంది, ఆ సంగతి మా వీధి వీధంతా ఒప్పుకుంటుంది. ఆ ఏడాది ఆమె రెండుసార్లు ఆలస్యంగా పోయింది. రెండుసార్లూ బండి వల్లే, అంటే నా వల్లే. రెండోసారి తిరిగొచ్చి చెప్పుల జత గోడకేసి విసిరి, "ఇంకొక్కసారి లేటయితే ఇగ రావద్దన్నరు. మళ్ల నన్ననొద్దు" అంది. ఆమె జీతం లేకపోతే మా ఇల్లు నడవదు. అది ఇద్దరికీ తెలుసు.

ఆ రెండుసార్లూ ఏం జరిగిందో చెప్తే నవ్వుతారు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మొదటిసారి పెట్రోలు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేలోపు ఎవరో పైపు లాగి ట్యాంకు మొత్తం పిండేశారు. మిట్ట ఎండలో బండిని బంకుదాకా నెట్టాను. ఆనాటి నుంచి ట్యాంకులో ఇల్లు చేరేంత మాత్రమే ఉంచడం మొదలుపెట్టాను. ఆపైన కావలసింది మా ఆవిడ బ్రిడ్జి దగ్గర బంకులో పోయించుకునేది. దొంగకు చుక్క కూడా దక్కనీయలేదని నాలో నేనే మురిసిపోయాను.

రెండోసారి హ్యాండిల్ లాకు. మా వేపచెట్టు కింద ఒక మర్యాద ఉంది. బండ్లన్నీ ఒకదానికొకటి ఆనించి కుక్కుతారు, ఎవరి బండి తీయాలన్నా ముందు నాలుగు బండ్లు పక్కకు జరపాలి. అందుకని అక్కడ హ్యాండిల్ లాకు వేసినవాడు ఊరుమ్మడి శత్రువు. అది తెలిసి కూడా ఒకరోజు మొండికేసి లాకు వేశాను. సాయంత్రం వచ్చి చూస్తే బండి భద్రంగానే ఉంది, రెండు టైర్లలోనూ గాలి లేదు. నా బండి అడ్డమై ఇరుక్కుపోయిన ఎవరో పుణ్యాత్ముడు కసితీరా పీకేసి పోయాడు. గొలుసు తెచ్చి చెట్టుకు కడదామనుకుంటే మా అటెండర్ చూసి, "గొలుసెందుకు సారూ, అదేమన్న ఎద్దా?" అన్నాడు. అందరూ నవ్వారు. గొలుసు దుకాణంలో తిరిగిచ్చేశాను.

ఇక కోతుల సంగతి. భద్రాచలం కోతులకు మొక్కుబడి కొబ్బరిచిప్పలు దొరుకుతాయి. మా దిక్కు కోతులకు బండి సీట్లే దిక్కు. సీటు చించి, లోపలి స్పాంజి పీకి, తినకుండా పారేసి పోతాయి. తింటే ఆకలి అనుకుని ఊరుకుందును. చివరికి ఊళ్ల నుంచి వచ్చే రైతులు ఉపాయం కనిపెట్టారు. ఖాళీ యూరియా సంచి సీటుకు తొడిగి తాడుతో బిగిస్తే కోతి గోరు జారిపోతుంది. వారం తిరిగేసరికి చెట్టు కింద ఉన్న బండ్లన్నిటికీ తెల్ల సంచులే. అన్నీ నల్ల బండ్లే, అన్నీ ఒకే కంపెనీవి, అన్నిటి నంబరు ప్లేట్ల మీదా ఒకే ఎర్రమట్టి. నేనూ ఒక సంచి కట్టాను.

దరఖాస్తులు తీసుకునే సోమవారం అది. జనం వరండా దాటి రోడ్డు దాకా నిలబడ్డారు. నాలుగున్నరకు ఎలాగోలా లేచి బయటపడ్డాను. సంచి మీది ఆకులు దులిపి ఎక్కాను, తాళంచెవి తిప్పాను, కిక్కు కొట్టాను. స్టార్టయింది. తీరా చూస్తే ఎడమవైపు అద్దంలో నా మొహం కనపడింది. నా ఎడమ అద్దాన్ని వానకాలంలోనే ఎవరో పీక్కుపోయారు. దొంగకు బుద్ధొచ్చి తిరిగి బిగించి పోయాడేమోనని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను. దిగి, నంబరు ప్లేటు మీది మట్టి గోటితో గీకాను. నంబరు నాది కాదు.

అరిగిపోయిన తాళాలు ఇవి, ఏ చెవి పెట్టినా తిరుగుతాయి. నా చెవి ఆ బండికి తిరిగిందంటే, ఆ బండి చెవి నా బండికి తిరిగిందన్నమాట.

"అగో, ఆ పెద్దాయనది గద సారూ గీ బండి!" అన్నాడు అటెండర్. "దరఖాస్తిచ్చి మధ్యాహ్నమే పోయిండు. మీ బండి మీదనే పోయిండేమో!"

దరఖాస్తులో ఫోన్ నంబరు దొరికింది. ఊరు అడవి లోపల, సిగ్నల్ ఉండదు. ఎన్నిసార్లు చేసినా కలవలేదు. ఈలోపు ఆఫీసంతా చెట్టు కింద చేరింది. ఒకరు పోలీస్ స్టేషన్‌కు పొమ్మంటారు, ఒకరు వెంటపడి పట్టుకొమ్మంటారు. "నీ బండి ఆయన దగ్గర, ఆయన బండి నీ దగ్గర. ఇందుల దొంగతనం ఏడుంది?" అని అటెండర్ తీర్పు చెప్పేశాడు. అప్పటికి ఐదు దాటింది. ఆరింటికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంటుంది. ముసలాయన బండెక్కి బయలుదేరాను.

దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. కళ్లు కనపడవా, సొంత బండి పోల్చుకోలేడా, అద్దం లేని సంగతి కూడా తెలియలేదా అని. కాసేపటి కింద నేను చేసిందీ అదేనన్న సంగతి నాకు గుర్తుకు రాలేదు. కోపంలో ఉన్న మనిషికి అలాంటివి గుర్తుకు రావు. మధ్యలో అనుమానమొచ్చి ఆపి ట్యాంకు మూత తీసి చూశాను. అంచుదాకా పెట్రోలు! పెట్రోలు దొంగల అడ్డాలో నిండు ట్యాంకు పెట్టిపోయాడంటే ఈయనకు మతి ఉందా అనుకున్నాను. మళ్లీ అంతలోనే, పోనీలే బంకు దగ్గర ఆగే పని లేదని సంతోషించాను కూడా.

ఆరుకు ఐదు నిమిషాలుండగా ఇల్లు చేరాను. మా ఆవిడ ట్యాంకు ఊపి చూసి, "ఎన్నడు లేంది నిండ పోయించినవేంది?" అని అడిగింది. జరిగింది చెప్పాను. "పాపం, మన బండిల ఆయనకేం దొరుకుతది?" అని, హెల్మెట్ పెట్టుకుని పోయింది. నాకు నవ్వొచ్చింది. ఆమె ఆ రోజు ఏడుకు పది నిమిషాల ముందే సంతకం పెట్టింది.

తెల్లారి ఆమె రాగానే అదే బండి తీసుకుని ఆఫీసుకు పోయాను. ఆయనకు చెప్పాల్సిన మాటలన్నీ దారిలోనే వరసగా పేర్చుకున్నాను. ఆయన చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. పక్కన నా బండి. మోకాళ్ల దాకా దుమ్ము, మెడలో తువ్వాల తడిసి ఉంది.

"వచ్చినవా సారూ. గిది నీదేనట గద" అన్నాడు.

"ఏంది తాతా, నీ బండి నీకు తెల్వదా?"

"సంచి ఒక్కతీరుగనే ఉండె. చెవి తిరిగింది, ఎక్కి పోయిన. వాగు కాడ ఆగిపోయింది. మూత తీసి సూస్తె సుక్క లేదు. అప్పుడు సమజయింది, గిది నాది కాదని."

అద్దం చూసి కాదు, నంబరు చూసి కాదు, ఖాళీ ట్యాంకు చూసి గుర్తుపట్టాడు. వాగు దగ్గర్నుంచి ఊరిదాకా నెట్టుకుంటూ పోయాడట. ఊళ్లో సీసా పెట్రోలు కూడా దొరకలేదట. తెల్లారకముందే లేచి మళ్లీ రోడ్డు మీది దుకాణందాకా నెట్టి, అక్కడ సీసా పోయించుకుని వచ్చాడట. అయినా నా నోరు ఊరుకోలేదు.

"నిండ పెట్రోలు పోసి, తాళం గీళం లేకుండా ఇక్కడ పెట్టి పోతవా? ఇక్కడ ఎట్లాంటి దొంగలున్నరో తెలుసా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మా ఊళ్లె నడిసే బండి గిదొక్కటే సారూ. అంబులెన్సు వాగు దాటి రాదు. ఎవలకన్న నొప్పులొచ్చినా, పాము కుట్టినా గిదే దిక్కు. అందుకే ట్యాంకి ఎన్నడు కాలిగ ఉంచ. చెవి మా ఇంటి ముంగట గుంజకు ఏలాడ్తది. నన్ను లేపే పని లేకుంట ఎవలకు గావాల్నో వాళ్లు తీస్కపోతరు."

ఈసారి ఆయనకే కోపం వచ్చింది.

"నీదేంది సారూ గట్ల? సదువుకున్నవ్, నౌకరి జేస్తున్నవ్, ఇంట్ల ఆడమనిషి ఉంటది. సుక్క లేకుంట బండెట్ల పెడ్తవ్?"

"దొంగలు తీస్తరని, తాతా..."

"దొంగలకు బయపడి బండిని ఎండబెడ్తరా!" అని చెయ్యి విసిరి, తన బండి దగ్గరికి పోయి మూత తీసి లోపలికి చూశాడు. సగం దిగిపోయి ఉంది. మా ఆవిడ డ్యూటీ సంగతి, ఆ మూడో ఆలస్యం సంగతి తడబడుతూ చెప్పాను. పదమని, బంకుకు పోయి పోయిస్తానని అన్నాను.

"ఆమె నౌకరి నిలవడ్డది గద, మంచిదే. బంకుల నేనే పోయించుకుంట, జల్దీ పోవాలె" అని మూత బిగించాడు. కిక్కు కొట్టి, బండి రోడ్డుకు తిప్పుకుని, నా వైపు చూసి అన్నాడు.

"రాత్రి మా ఊళ్లె ఎవలకేం గాలె సారూ. గంతే చాలు."

ఆయన ఆ మాట అనేదాకా, ఆ సంగతి అడగాలని నాకు తోచనేలేదు.