కళింగపట్నం గదిలో చుట్టకుదురు

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు మొదటి నుంచీ అసహ్యం. భయం కాదు, అసహ్యం. చూశామని చెప్పేవాళ్ళలో సగం మంది తిన్నది అరగనివాళ్ళు, మిగతా సగం పనిలేనివాళ్ళు. చేపల గంపతో వల్లకాటి పక్క నుంచి ముప్పై ఏళ్ళు నడిచాను. అక్కడ నన్ను కరిచింది కుక్క ఒక్కటే. మూడో తరగతితో బడి మానేసిన దాన్ని, కథలు అల్లడం రాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోయినేడు కళింగపట్నంలో నా చెల్లెలు పైడమ్మ చనిపోయింది. మా ఇద్దరికీ పన్నెండేళ్ళుగా మాటల్లేవు. మా అమ్మ దాని ఇంట్లోనే పోయింది. అమ్మకి బాగోలేదని నాకు కబురు రాలేదు. నేను విజయనగరం నుంచి వెళ్ళేసరికి బూడిద మిగిలింది. పంపానని అది, రాలేదని నేను. ఆ గుమ్మంలో మంచినీళ్ళు కూడా ముట్టనని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాను. తర్వాత కూతురి పెళ్ళికి రమ్మని రెండుసార్లు మనిషిని పంపింది. వెళ్ళలేదు.

మాకు అన్నదమ్ములు లేరు. పెద్దకర్మ నాడు దాని కూతురు గౌరికి పుట్టింటి బట్ట పెట్టాల్సిన దాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అది మానితే ఊరు తిట్టేది మా అమ్మని. అందుకని గుమ్మంలోనే బట్ట ఇచ్చి, కాళ్ళు కడుక్కోకుండా వచ్చేద్దామని ముందురోజు ఒక్కదాన్నే బయలుదేరాను. ఆ ఇంట్లో పడుకునేది లేదు గనక మా మనవరాలు ఫోనులో ఒక గెస్ట్‌హౌస్ మాట్లాడింది.

ఆమదాలవలసలో రైలు దిగి, రెండు బస్సులు మారి, పన్నెండింటికి చేరాను. గోడ నిండా చిన్న చిన్న లైట్లు, మిట్టమధ్యాహ్నం వెలుగుతున్నాయి. మా ఇంట్లో ఎవరైనా అలా వెలిగిస్తే వేళ్ళు విరగ్గొడతాను. మంచం మీద ఆరు దిండ్లు. మనిషికి తలకాయలెన్ని? 'మీ ఇల్లే అనుకోండి' అని గుమ్మం దగ్గర రాసిపెట్టారు. నా ఇల్లయితే ముందు ఆ లైట్లు పీకిస్తాను. తెల్ల తువ్వాలుని హంసలా మడిచి మంచం మీద పెట్టారు. ఒళ్ళు తుడుచుకునే గుడ్డకి మెడ ఎందుకో. దాన్ని విప్పి కుర్చీ మీద పడేశాను. నా తువ్వాలు నేను తెచ్చుకున్నాను.

వరండాలో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని లోపలికి వచ్చాను. తువ్వాలు మళ్ళీ మంచం మీద ఉంది. ఈసారి హంస కాదు, చుట్టకుదురు. గంప కింద తల మీద పెట్టుకుంటామే, ఆ గుడ్డ చుట్ట. అక్కడ పనిచేసే నూకాల్ని పిలిచాను.

"ఏటే ఇది? గంపలు మొయ్యడానికొచ్చాననుకున్నావేటి?"

"నానెందుకు సేస్తాను మామ్మా! నాకు హంసలే నేర్పినారు. ఇలాటివి మాయమ్మ సుట్టీది."

"అయితే మీయమ్మొచ్చి సుట్టిందేటి?"

"మాయమ్మ పలాసలో టీవీ సూస్తన్నాది. ఫోన్ సేసిస్తాను, అడుగు."

నోరున్న పిల్ల. అబద్ధమాడుతోందనే అనుకున్నాను. తువ్వాలు దులిపి కుర్చీ మీద వేశాను. తలుపుకి లోపల గడియ పెట్టుకుని స్నానానికి వెళ్ళాను. కిటికీలకి దోమల జాలీ మేకులతో కొట్టేసి ఉంది. అప్పటికి మూడైంది, ఎండ మంచం దాకా పడుతోంది.

నాలుగు చెంబులు పోసుకుని వచ్చాను. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. తువ్వాలు మంచం మీద ఉంది, చుట్టి.

చేతిలోకి తీసుకుని చూశాను. అందరూ కుడికి తిప్పుతారు. ఇది ఎడమకి తిప్పి ఉంది. కొసని కింద నుంచి లోపలికి దోపి ఉంది. పైడమ్మది ఎడమచేతి వాటం. మా అమ్మ ఎన్ని మొట్టికాయలు వేసినా అది అలాగే చుట్టేది. పొరపాటున దాని చుట్టకుదురు నేను తీసుకుంటే నా తల మీద గంప నిలిచేది కాదు. పైగా ఇది అప్పుడే బరువు దించినట్టు అణిగిపోయి ఉంది. చేపల నీళ్ళ వాసన కూడా వేసింది గానీ ఆ ఊరంతా అదే వాసన. దాన్ని సాక్ష్యం అనను.

మతిమరుపులో నేనే చుట్టానేమో అనుకున్నాను. ముసలివాళ్ళని నమ్మకూడదు, అది నేనైనా సరే. విప్పి ఎడమకి తిప్పి చూశాను. నాలుగుసార్లూ ఊడిపోయింది. కుడికి తిప్పితే ఒక్కసారికే కుదిరింది.

తర్వాత పొద్దుగుంకేదాకా దాని ఎదురుగా కూర్చున్నాను. తువ్వాలు ఏమీ చెయ్యలేదు. తువ్వాలు ఏం చేస్తుంది?

తెల్లారి పైడమ్మ ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి గౌరి చేతికి బట్ట ఇచ్చాను. అది బట్ట వైపు చూడలేదు.

"ఇలాగే తిరిగెల్లిపోతావేటి పెద్దమ్మా?"

"ఆ రోజు మీయమ్మ నాకు కబురెట్టిందా, లేదా? అదొక్కటి సెప్పు."

"నాకేటి తెలుసు? అప్పుడు నాను బడికెల్లీదాన్ని. ఎట్టినాననే ఏడిసీది. ఇప్పుడెవుల్నడుగుతావు? ఇస్తరేసినాను. తింటావా, మానుతావా?"

నా ఒట్టు విన్నవాళ్ళలో సగం మంది అక్కడే ఉన్నారు, నా కాళ్ళ వైపే చూస్తున్నారు. చెంబు అందుకుని కాళ్ళు కడుక్కున్నాను. లోపలికి వెళ్ళి తిన్నాను. పప్పులో ఉప్పు లేదు, అడిగి వేయించుకున్నాను. రెండు గ్లాసుల నీళ్ళు తాగాను.

నూకాలు దగ్గర ఇంకో తాళం ఉండి ఉంటుందని మనవరాలు అంటుంది. లోపలి గడియకి బయట తాళమేమిటే అన్నాను. చుట్టిందెవరో నాకు తెలియదు. పైడమ్మ కబురు పంపిందో లేదో అదీ తెలియదు. దెయ్యాలున్నాయని ఈ రోజుకీ ఒప్పుకోను. కానీ బతికున్న చెల్లెలు రెండుసార్లు మనిషిని పంపితే కదలని దాన్ని, ఒక తువ్వాలు చుట్టి ఉందని ఆ గుమ్మం దాటాను. అలాంటి మనిషిని ఏమనాలో మీరే అనండి.