మాత్రకి పెట్టిన పథ్యం

మా అత్త పోయి ఇన్నేళ్ళయినా నాను ఆవిణ్ణి క్షమించలేదు. నన్నూ క్షమించుకోలేదు, ఆ సంగతీ సెప్తాను.

అరవైల ఆఖర్లో మాట. మాది శ్రీముఖలింగం దగ్గర ఊరు, వరి పండించుకునే మనుషులం. మా పెద్దగుంటకి పదహారేళ్ళు. ఇస్కూలుకెళ్ళే పిల్ల ఉన్నట్టుండి మంచం దిగడం మానేసింది. గుండె దడదడలాడతన్నాదని నా సెయ్యి పట్టుకుని ఏడిసేది. రెండు ముద్దలు తింటే గొప్ప. ఒకనాడు, కూరలో ఉప్పు తక్కువయిందన్నంత మామూలుగా, "బతకాలని లేదమ్మా" అంది.

గాలి సోకిందని మా అత్త తాయెత్తు కట్టించింది. మా ఆయన దానికీ తలూపేడు. ఆ తలకి ఊగడం తప్ప వేరే పని నాను సూడలేదు. ఆళ్ళ మాట కాదని పిల్లని బస్సెక్కించి సికాకుళం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేను. ఇది జబ్బే, దీనికి మందుందన్నాడాయన. రోజుకో మాత్ర. రెండు మూడు వారాల దాకా గుణం కనపడదని, మధ్యలో ఆపొద్దని, పిల్లని ఒంటరిగా ఒగ్గొద్దని ఒకటికి రెండుసార్లు సెప్పేడు.

ఇంటికొచ్చేసరికి మా అత్త పథ్యం మొదలెట్టింది. ఆవిడ తండ్రి నాటువైద్యుడు మరి. పులుపు లేదు, కారం లేదు, వంకాయ లేదు, ఎండుచేప లేదు. చప్పిడి కూడు, నీళ్ళ మజ్జిగ, అంతే. పథ్యం తప్పితే మందు తిరగబడి ప్రాణం మీదకొస్తాదని బెదిరించింది. డాక్టరు పథ్యం ఊసే ఎత్తలేదు. మందంటే పథ్యం ఉంటాదని ఎవరికి తెలీదు, అందుకే సెప్పలేదనుకున్నాను. అదీ నా తెలివి.

అసలే తినని గుంటకి ఆ కూడు ఎలా దిగుతాది? మాత్రకి నోరెండిపోయేది, లేస్తే తూలేది. పక్కన కూకుని ముద్దలు పెడితే ఏడుస్తా నమిలేది. మా అత్త గుమ్మంలో కాపలా.

పద్దెనిమిదో రోజు పొద్దున్న వంటింట్లోకెళ్తే, పిల్ల ఆవకాయ జాడీ మూత తీసి సేతి ఏళ్ళు నాకుతన్నాది. ఎవరూ లేపకుండా మంచం దిగొచ్చింది, ఇన్ని నెలల తరవాత. అది నా కంటికి ఆనలేదు. జాడీయే ఆనింది. మందు తిరగబడతాదన్న భయంతో లాగి కొట్టేను. "సస్తావే" అన్నాను. బతకాలని లేదన్న పిల్లతో ఆ మాటన్నాను.

ఆ తరవాత అది నోరు తెరవలేదు. కూడూ లేదు, మాత్రా లేదు. పథ్యం తప్పిందిగా, సూసుకో, అంది మా అత్త. ఆ గొంతులో సంతోషం నాను విన్నాను. మూడోనాడు పిల్లని మళ్ళీ బస్సెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేను. అంతా విని ఆయన తల పట్టుకున్నాడు.

"పథ్యం ఎవరు పెట్టమన్నారమ్మా? తనంతట తనకి తినబుద్ధయింది. మందు పనిచేస్తోందనడానికి అదే మొదటి గుర్తు."

తిరిగొచ్చి, వంటింట్లో అడుగు పెడితే మర్యాద దక్కదని మా అత్తకి సెప్పేను. మా ఆయన దానికీ తలూపేడు. వేడన్నంలో ఆవకాయ కలిపి పిల్ల ముందు పెట్టేను. ఎంతసేపటికీ ముట్టుకోలేదు.

"కొట్టవు కదమ్మా?" అంది.

తిన్నాది. మాత్రలూ మళ్ళీ మొదలెట్టింది, ఏడాది దాటి మింగింది. మనిషయింది, పెళ్ళయింది, పిల్లల తల్లయింది. అందరూ నా ధైర్యం వల్లే బతికిందంటారు. అది మాత్రం ఈనాటికీ నా ఇంట్లో కంచం ముందు కూకుంటే, మొదటి ముద్ద ఎత్తేముందు నా సెయ్యి ఎక్కడున్నాదో సూస్తాది.