టీవీ గదిలో నేను వేసిన సీట్ల పట్టిక

గల్ఫ్‌లోని మెసయీద్‌లో, కుటుంబాల్ని ఊళ్ళో వదిలొచ్చిన మేముండే బ్యాచిలర్ క్యాంప్‌కి టీవీ గది ఒక్కటే. నలభై ప్లాస్టిక్ కుర్చీలు, ఎత్తయిన ఇనుప స్టాండు మీద ఒక టీవీ, దాని కింద డిష్ రిసీవర్. కుర్చీల్లో కూర్చునేవాళ్ళలో సగం మంది మనవాళ్ళు, సగం మంది పాకిస్తాన్ వాళ్ళు. నేపాల్, బంగ్లాదేశ్ వాళ్ళు గోడకానుకుని నిలబడి చూసేవారు. ఆ వేసవిలో కార్గిల్ కొండల మీద యుద్ధం, ఇంగ్లండ్‌లో క్రికెట్ ప్రపంచ కప్ ఒకేసారి నడిచాయి.

యుద్ధం మొదలైన వారానికే మా క్యాంప్ బాస్ మెస్ తలుపు మీద నోటీసు అంటించాడు. ఆయన సూడాన్ మనిషి. ఎవరి పక్షమూ కాదు, ఎవరి మాటా వినడు. నోటీసులో రెండే వాక్యాలున్నాయి. యుద్ధం గురించి గొడవ పడితే ఇంటికి పంపిస్తాం. తిరిగి రావడానికి వీసా ఉండదు. దాన్ని ఇంగ్లీషు, అరబిక్, హిందీ, ఉర్దూల్లో రాయించాడు. తెలుగులో ఎవరూ రాయలేదు కాబట్టి జగిత్యాల అన్న దాన్ని రోజూ పైకి చదివి వినిపించమని నన్ను అడిగేవాడు, మొదటిసారి వింటున్నట్టు.

జగిత్యాల అన్న పరంజాలు కట్టించే స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్. నా పక్క గది. నేను పాలిటెక్నిక్ డిప్లొమా చేసి ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా వచ్చి అప్పటికి పది నెలలు. నాకు పని నేర్పింది పాకిస్తానీ సీనియర్ టెక్నీషియన్. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. పద్దెనిమిదేళ్ళుగా మేము పనిచేసే ఆ ప్లాంటులోనే ఉన్నాడు. ఆ నెలలోనే కంపెనీ ఆయన పెద్ద కొడుక్కి వీసా కాగితాలు వేసింది. ముద్ర పడితే తండ్రీ కొడుకులు ఒకే ప్లాంటులో పనిచేస్తారు. ఉస్తాద్‌ని పంపించేస్తే ఆ కాగితాలు కూడా చెత్తబుట్టలోకే.

మా పని ఇద్దరు మనుషుల పని. ఆయన బయట ఎండలో, పైపులోని ఒత్తిడిని కొలిచి కరెంటుగా పంపే ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంటాడు, నేను కంట్రోల్ రూమ్‌లో ప్యానెల్ ముందు ఉంటాను. ఆయన రేడియోలో "నాలుగు" అంటాడు, నేను ప్యానెల్ మీద సున్నా చూసి "ఓకే" అంటాను. ఎనిమిది, పన్నెండు, పదహారు, ఇరవై. నాలుగు మిల్లీయాంప్‌ల కరెంటు వస్తే సున్నా, ఇరవై వస్తే నూరు శాతం అని లెక్క. ఒకరి రీడింగ్ ఒకరు నమ్మకపోతే ఆ పని జరగదు. యుద్ధానికి ముందు అంకెల మధ్యలో ఆయన ఊరి చెరుకు రసం గురించి, మా గోదావరి వైపు మామిడి తాండ్ర గురించి మాట్లాడుకునేవాళ్ళం. యుద్ధం వచ్చాక అంకెలు మాత్రమే మిగిలాయి.

సాయంత్రం ఆరింటికి మన వార్తలు, ఏడింటికి వాళ్ళ వార్తలు వచ్చేవి. ఆరింటికి ఒక శిఖరం మన చేతికి వచ్చిందనేవారు. ఏడింటికి ఆ శిఖరం పేరే ఎత్తేవారు కాదు, పైన ఉన్నది అసలు తమ సైన్యమే కాదనేవారు. నేనొక వారం నోట్‌బుక్‌లో రెండు గడులు గీసి రెండు వైపుల మాటలూ రాశాను. ఒకే పైపుకి పెట్టిన రెండు మీటర్లు వేర్వేరు రీడింగులు చూపిస్తే ఒకటి చెడిందని లెక్క. రెండూ చెడి ఉండవచ్చు కూడా. ఎనిమిదో రోజు రాయడం మానేశాను.

మెస్‌లో మాత్రం అభిప్రాయాలకు కొదవ లేదు. గొంతు తగ్గించి, తలుపు వైపు చూస్తూ, తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం.

"పైన కూసున్నోనికి తుపాకి ఎందుకు తమ్మీ, బండరాయి దొర్లిచ్చినా సాలు," అనేవాడు జగిత్యాల అన్న. "ముప్పై మీటర్ల మీద పని జేసేటోన్ని, నాకెర్క. కిందికెల్లి పైకి ఎక్కి కొట్లాడుడంటే మామూలు ముచ్చట గాదు."

"అసలు ఈ టైములో వాళ్ళతో క్రికెట్టేంటి? ఆడకూడదు," అనేవాడు ఒంగోలు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్.

"ఎందుకాడొద్దు? ఆడి, గెలిసి, తోలాలె. నువ్వు టీవీ సూడకు, నీ కుర్చీ నాకియ్యి."

రెండు జట్లకీ మ్యాచ్ పడిందని తెలిసిన రోజు క్యాంప్ బాస్ టీవీ గదికి తాళం వేస్తానన్నాడు. అప్పుడు నేను చేసిన పని ఇది. ఎవరూ అడగకుండా ఆయన ఆఫీసుకి వెళ్ళి, తాళం అక్కర్లేదు, పద్ధతి ఉంటే చాలు అన్నాను. టీవీ గదికి అప్పటికే నా చార్ట్ ఉంది. ఏ గంటకి ఏ చానెల్ అన్నది రంగు పెన్నులతో రాసి గోడకి అంటించాను. దాని మీద ఎవరూ తగాదా పడలేదు. కాబట్టి సీట్లకి కూడా పట్టిక వేస్తానన్నాను. "యల్లా, కానియ్యి, వేసుకురా," అన్నాడాయన.

ప్లాంటు కట్టడం పూర్తయ్యే దశలో మేము పంచ్ లిస్ట్ రాస్తాం. ఇంకా సరికాని లోపాలన్నీ అందులో వరసగా ఉంటాయి. ప్లాంటు నడపడానికి ముందే తప్పక సరిచెయ్యాల్సినవాటి పక్కన A, తర్వాత చూసుకోదగ్గవాటి పక్కన B అని పెడతాం. ఆ అలవాటే మనుషుల మీదా చూపించాను. నలభై పేర్లు రాసి, గొడవ రాకుండా ముందుగా విడివిడిగా కూర్చోబెట్టవలసిన ముగ్గురి పక్కన A పెట్టాను. మాట పడనివాడు కాబట్టి జగిత్యాల అన్నకి ఒక A. వార్తల వేళ రోజూ లేచి నిలబడే పాకిస్తానీ వెల్డర్‌కి ఇంకొకటి. మూడోది ఉస్తాద్‌కి. అంపైర్ నిర్ణయం మీద ఒకసారి ఆయన అరిచిన అరుపు మెస్ దాకా వినబడింది. పట్టిక బాగా కుదిరిందని నాకు సంతోషం వేసింది. అక్షరాలు లేని కాపీ ఒకటి గోడకి అంటించి, పేర్ల పక్కన అక్షరాలున్న అసలు కాగితం, A అంటే ఏమిటో చెప్పి, క్యాంప్ బాస్‌కి ఇచ్చాను.

మ్యాచ్ రోజు డ్యూటీ దిగి వచ్చేసరికి మనవాళ్ళ బ్యాటింగ్ చివరికొచ్చింది. ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వికెట్ పడితే ఒక వైపు ఊపిరి వదిలిన చప్పుడు, ఇంకో వైపు కుర్చీ కాళ్ళు నేల మీద జరిగిన చప్పుడు. అంతే. తలుపు దగ్గర క్యాంప్ బాస్ పంపిన సెక్యూరిటీ మనిషి నిలబడ్డాడు.

ఆరు అయింది. చార్ట్ ప్రకారం మన వార్తలు. నేను లేచి అడిగాను. మనవాళ్ళందరూ వద్దు, మ్యాచే ఉండనీ అన్నారు. సరేనని కూర్చున్నాను.

ఏడు కావస్తుంటే వాళ్ళ వికెట్లు వరసగా పడుతున్నాయి. మన వైపు జగిత్యాల అన్న ఒక్కడే పెదవి కొరుక్కుంటూ, మోకాలు ఊపుతూ, నవ్వు ఆపుకుంటున్నాడు. సరిగ్గా ఏడింటికి వెల్డర్ లేచి గోడ మీది చార్ట్ చూపించాడు.

"ఏడింటికి మా వార్తలు. పెట్టు."

"మ్యాచ్ నడుస్తోంది కదా భాయ్."

"ఆరింటివి మీరు వద్దనుకున్నారు. మేము వద్దనలేదు. చార్ట్ నువ్వే రాశావు."

ఓడిపోతున్న ఆట చూడలేకే అడుగుతున్నాడని గదిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. కానీ చార్ట్ ప్రకారం అతని మాటలో తప్పు లేదు. నేను అదే ఆలోచించాను, ఇంకేమీ ఆలోచించలేదు. వెళ్ళి చానెల్ మార్చాను.

"ఏయ్! నీ అయ్య జాగీరా టీవీ?" అంటూ అన్న లేచాడు. ఆయనతో పాటు పది కుర్చీలు లేచాయి. అటు నుంచి పది. నేను వేసిన వరసలు ఎక్కడివక్కడ కలిసిపోయాయి. ఎవరి భుజమో తగిలి ఇనుప స్టాండు ఊగింది. టీవీ ముందుకు జారింది. ఉస్తాద్ మూడో వరస నుంచి ఎలా వచ్చాడో తెలియదు, రెండు చేతులతో టీవీని పొట్టకి ఆనించి పట్టుకున్నాడు. రిసీవర్ కింద పడి పగిలింది. స్టాండు అంచు ఆయన అరచేతిని చీరింది. "ఆగండిరా! ఆగండి!" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. తెర మీద నీలం రంగు తప్ప ఏమీ లేదు.

కుర్చీలు లేవగానే పరిగెత్తిన సెక్యూరిటీ మనిషి క్యాంప్ బాస్‌ని తీసుకొచ్చేసరికి అందరూ గోడల దగ్గరికి తగ్గారు. గది మధ్యలో నెత్తుటి చేత్తో నిలబడి అరుస్తున్న మనిషి ఒక్కడే కనిపించాడు. బాస్ జేబులోంచి నా కాగితం తీశాడు. పేర్లు చూసుకుంటూ వేలు కిందికి జరిపి, ఒకచోట ఆపాడు.

"ఇతనే కదా. నువ్వు ముందే రాశావు," అన్నాడు నాతో. మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. ఉస్తాద్ బతాకా, అంటే గుర్తింపు కార్డు, అడిగి తీసుకున్నాడు. అది లేనిదే ఆయన గేటు దాటలేడు. రేపు మధ్యాహ్నం హెడ్ ఆఫీసుకి రిపోర్ట్ పంపుతానని చెప్పాడు.

నేను పడిపోయిన కుర్చీలు లేపి వరసలో పెట్టడం మొదలుపెట్టాను.

మనవాళ్ళు గెలిచారని ఎవరిదో చిన్న రేడియో చెప్పింది. కారిడార్‌లో ఒక కేక లేచి సగంలోనే ఆగిపోయింది. అన్న గదిలో మంచం మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"ఉస్తాద్‌ని పంపించేస్తారట," అన్నాను.

"పంపనియ్యి. అక్కడ గుట్టల మీద మనోళ్ళు సస్తున్నరు. ఒక్కడు ఇంటికి పోతే ఏమైతది?" వేలు నోట్లోంచి తీశాడు. "గని తమ్మీ, టీవీ వడ్తాంటె వట్టుకున్నది గాయనే. అబద్ధమెందుకాడాలె."

"చానెల్ మార్చింది నేను."

"అది గూడ నిజమే. ఎవడు మార్వమన్నడు నిన్ను? గా వెల్డర్‌గాడు పోయి బాయిల దుంకుమంటె దుంకుతవా?"

మర్నాడు బస్సులో ఉస్తాద్ సీటు ఖాళీ. ప్యానెల్ ముందు కూర్చుని రేడియో పట్టుకున్నాను. అవతల ఎవరూ లేరు. చెప్పడానికి ఒక కారణం, చెప్పకపోవడానికి నాలుగు కారణాలు తేలాయి. నా కాంట్రాక్టు మొదటి ఏడాది ఇంకా పూర్తి కాలేదు. చానెల్ మార్చినవాడే గొడవకి మూలం అంటే నోటీసు నాకే వర్తిస్తుంది. మనవాళ్ళు నన్ను ఏమంటారో తెలియదు. నేను చెప్పినా బాస్ వినకపోవచ్చు. వీటిని రెండుసార్లు కూడి చూశాను. లెక్క ఎప్పుడూ చెప్పకపోవడం వైపే వచ్చింది. అయినా టీ విరామంలో సూపర్‌వైజర్‌ని అడిగి, నీళ్ళ ట్యాంకర్ ఎక్కి క్యాంప్‌కి వచ్చాను.

క్యాంప్ బాస్ రిపోర్ట్ టైపు చేయిస్తున్నాడు.

"చానెల్ మార్చింది నేను. ఆయన టీవీని పట్టుకున్నాడు, అంతే."

"ఆట మధ్యలో ఎందుకు మార్చావు?"

"చార్ట్‌లో ఉంది కాబట్టి."

ఆయన టైపు చేసే మనిషి వైపు చూశాడు, మళ్ళీ నా వైపు. "నువ్వు టెక్నీషియన్‌వా, అలారం గడియారానివా?" అన్నాడు. తర్వాత నా కాగితం తీసి A మీద వేలు పెట్టాడు. "మరి ఇది?"

"అది నా ఊహ. ఆయన ఏమీ చెయ్యకముందు రాసింది."

"ఊహ మీద మనిషిని విమానం ఎక్కించేవాణ్ణి," అన్నాడు. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. రిపోర్ట్‌లో ఉస్తాద్ పేరు తీయించి నా పేరు పెట్టించాడు. ఇంటికి పంపించమని కాకుండా హెచ్చరిక ఇవ్వమని రాయించాడు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. బతాకా నా చేతికిచ్చి, "నువ్వే ఇచ్చిరా," అన్నాడు. టీవీ గదికి తాళం పడింది.

ఉస్తాద్ మంచం మీద కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. కార్డు అందుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఆ కాగితంలో నా పేరు పక్కన ఏదో రాశావట. ఏం రాశావు చోటే?"

చెప్పాను. పంచ్ లిస్ట్ ఆయనకి విడమరచనక్కర్లేదు.

"A," అన్నాడు. "నన్ను సరిచేస్తే తప్ప ప్లాంటు నడవదన్నమాట. ఏం లోపం కనబడింది?"

"మీరు గట్టిగా అరుస్తారు ఉస్తాద్."

ఆయన నవ్వలేదు. కట్టు లేని చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "పన్నెండేళ్ళు కంప్రెసర్ హౌస్ మోతలో పనిచేశాను. అప్పట్లో మాకు చెవులకి పెట్టుకోవడానికి దూది తప్ప ఏమీ ఇవ్వలేదు. ఎడమది పోయింది, కుడిది సగం ఉంది. నా గొంతు నాకు వినబడాలంటే అంత గట్టిగా మాట్లాడాలి."

పది నెలలు ఆయన గొంతు రేడియోలో విన్నాను. చెవులు అదిరితే మీట తిప్పి చప్పుడు తగ్గించుకున్నాను. ఎందుకంత గట్టిగా చెబుతాడని ఒక్కసారీ అడగలేదు.

"ఇంకెవరికి పెట్టావు?" అని అడిగాడు. చెప్పాను. "నాకు చెప్పినట్టే వాళ్ళకీ చెప్పు. ఇంకొకరి నోటి నుంచి వినకూడదు. పో."

అన్న విని నా వీపు మీద ఒక్కటి చరిచాడు. "నాకు A ఒక్కటేనా? రెండు వెట్టకపోతివి!" అని కారిడార్ అంతా వినబడేలా నవ్వాడు. ఆ నవ్వు కాసేపటికి తగ్గింది. "గిట్ల మనుషులకు మార్కులేసుడు మంచిగ లేదు రా," అని లోపలికి వెళ్ళిపోయాడు.

వెల్డర్ గది చివరి బ్లాకులో ఉంది. తలుపు తీసి, గడప మీదే నిలబడ్డాడు. లోపల రేడియోలో ఏడింటి వార్తలు వస్తున్నాయి. నేను నడుస్తూ సిద్ధం చేసుకున్న మూడు వాక్యాలూ చెప్పాను.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

తలుపు వేసుకున్నాడు. నెలన్నర తర్వాత యుద్ధం ఆగిపోయింది, టీవీ గది మళ్ళీ తెరిచారు, కొత్త రిసీవర్ వచ్చింది. అతను నాతో మాత్రం మాట్లాడలేదు.