మే నెలలో తిరుపతి స్వెటర్

"నవ్వనని మాటియ్యుండ్రి సారు, అప్పుడే చెప్త."

"నేనెందుకు నవ్వుతానయ్యా! నెల రోజులుగా అడుగుతూనే ఉన్నాను. నవ్వేవాణ్ణయితే నువ్వా స్వెటర్ వేసుకొచ్చిన రోజే నవ్వి ఉండేవాణ్ణి."

"ఆ రోజు నవ్విన్రు గదా. అద్దంల చూసిన."

జోగారావు దొరికిపోయాడు. ఆయన సర్వేయరుగా చేసి రిటైరైన మనిషి, ఊరు తణుకు వైపు. రోజూ పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో తిరుపతి షేర్ ఆటో ఎక్కి, ఎల్బీనగర్‌లో ఉన్న కూతురు బిందుమాధవి ఇంటికి పోతాడు. ఎక్కడం ముందు సీట్లోనే, డ్రైవరుకు ఎడమ పక్కన. వెనక సీట్లో మాటలు వినపడవని ఆయన ఫిర్యాదు.

తిరుపతికి యాభై రెండేళ్లు. నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి పాతికేళ్లుగా ఇదే రోడ్డు మీద ఆటో తిప్పుతున్నాడు. తర్వాత తలమీదికి మెట్రో వచ్చింది. "పైన రైలు, కింద నేను. ఇద్దరం ఒక్క రూటే" అంటాడు. ఆ వేళ ఆదివారం. ముందు రాత్రి కురిసిన వానకు రోడ్డు చల్లబడి ఉంది, ఆటో పాసింజర్ల కోసం ఖాళీగా ఆగి ఉంది. తిరుపతి ఒంటిమీద పొట్టి చేతుల ఖాకీ చొక్కా తప్ప ఇంకేమీ లేదు. ఇన్నాళ్లూ అడిగినా చెప్పనివాడు అందుకే ఇవ్వాళ నోరు విప్పాడు.

"మూడేండ్లసంది నాకు నేనే బరువైన సారు" అని మొదలుపెట్టాడు. సిగ్నల్ పడితే కళ్లు మూతలు పడేవి. వెనక బస్సు హారన్ కొడితే తప్ప మెలకువ వచ్చేది కాదు. ఒకప్పుడు టీవీలో కబడ్డీ అంటే కుర్చీలో నిలబడి అరిచే మనిషి, రిమోటు ఎవరి చేతిలో ఉందో కూడా పట్టించుకోవడం మానేశాడు. రెండు రోజులకోసారి గీసుకునే గడ్డం వారం ఆగినా తొందర పెట్టేది కాదు.

"ఇగ కిష్టమ్మ సంగతి... మీరు పెద్దోళ్లు, మీకు తెలుసు గదా."

జోగారావు ఎదురుగా ఉన్న మెట్రో స్తంభం మీది నంబరును చాలా శ్రద్ధగా చదివాడు.

కిష్టమ్మ తిరుపతి భార్య. ఇంట్లోనే కూర్చుని చీరలకు ఫాల్ కుడుతుంది. కుడుతూ ఆమె మాట్లాడాలి, తింటూ తిరుపతి వినాలి. ఇరవై ఆరేళ్లుగా ఆ కాపురం నడిచిన తీరు అది. ఈ మూడేళ్లలో వినడం కూడా ఆగిపోయింది. మంచంలో ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు ఏర్పడింది.

సైదాబాద్‌లో షుగరు చూపించుకోవడానికి పోతే, ఆ డాక్టరు ఇంకేవో ప్రశ్నలు వేసి, మగవాళ్ల హార్మోను పరీక్ష రాశాడు. పొద్దున ఎనిమిదికి, పరగడుపున. అది తక్కువ వచ్చింది. ఒక్కసారి చూసి చెప్పకూడదట. ఇంకో వారం పోయాక మళ్లీ తీశారు, మళ్లీ తక్కువే. దిల్‌సుఖ్‌నగర్‌లో హార్మోన్ల స్పెషలిస్టు ఉన్నారు, చూపించుకో అని పంపాడు. చీటీ మీద ఇంగ్లీషులో ఉన్న పేరు తిరుపతి చదవలేకపోయాడు. తలుపు తోసి లోపలికి పోతే కుర్చీలో విజయశ్రీ అనే డాక్టరమ్మ ఉంది.

"ఆడమనిషి సారు! మా బిడ్డ జ్యోతిక కంటే నాలుగేండ్లు పెద్దదుంటదేమో. నోరెట్ల తెరుస్త?"

తెరవలేదు. ఆమె పావుగంట సేపు ఓపికగా చెప్పింది. తిరుపతి ఆ పావుగంటా నేలమీది టైల్స్ చూశాడు. ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా, ఈ మందు వాడితే ఆ అవకాశం తగ్గుతుంది అని ఆమె అడిగినప్పుడు మాత్రం తల అడ్డంగా ఎంత గట్టిగా ఊపాడంటే, మెడ పట్టేసింది. మూడు నెలలకోసారి రక్తం చిక్కబడిందేమో చూడాలి, ప్రోస్టేటు పరీక్షా చెయ్యాలి అన్నది. దానికి నిలువుగా ఊపాడు. బయటికొచ్చాక చూసుకుంటే అతని చెవిలో మిగిలినవి మూడే ముక్కలు. రోజూ పొద్దున స్నానం చేసి భుజాలకు ఈ జెల్ రాసుకోవాలి. చేతులు కడుక్కోవాలి. ఆడవాళ్లకూ పిల్లలకూ తగలనివ్వకూడదు.

ఆ మూడో ముక్క దగ్గరే తిరుపతికి చిక్కొచ్చి పడింది.

షేర్ ఆటో ఎక్కినవాళ్లకు ఆ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ముందు సీటు కొలతకు ఒక్కడిది, వాడుకకు ముగ్గురిది. నడుమ డ్రైవరు, అటొకరు, ఇటొకరు, భుజానికి భుజం. పొద్దున కాలేజీ పిల్లలు, మధ్యాహ్నం కోచింగ్ పిల్లలు, సాయంత్రం చీరల సంచులతో ఆడవాళ్లు. పాతికేళ్లలో ఆ రెండు భుజాలకు తగలని మనిషి ఈ రోడ్డు మీద లేరు.

"అప్పుడు తీసిన సారు స్వెటర్."

మెరూన్ రంగు ఊలు స్వెటర్. పెండ్లినాడు బావమరిది ఢిల్లీ నుంచి తెచ్చి పెట్టింది. హైదరాబాదు చలికే ఎన్నడూ అవసరపడనిది, మే నెల మొదటి వారంలో ఖాకీ చొక్కా మీదికి ఎక్కింది. అది చాలదని సీటు ముందు రేకు మీద సుద్దముక్కతో రాశాడు: ముందు మగవాళ్లకే.

"కోచింగ్ పోరగాళ్లు ఊకుంటరా! ఒకామెయితే కూరగాయల సంచి నా కాళ్లమీద పెట్టి, 'నీ పక్కన కూసుంటే నీ సొమ్మేం పోతదయ్యా?' అనె. 'నా సొమ్ము గాదమ్మా, నీ...' అని ఆగిపోయిన."

జోగారావు మాట తప్పి నవ్వేశాడు. తిరుపతి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, ఎందుకంటే తనకూ నవ్వు వస్తోంది.

ఎల్బీనగర్ అడ్డాలో అతని తోటి డ్రైవరు రాజు అయితే పండగే చేసుకున్నాడు. "అన్నా, ఇయ్యాల కశ్మీర్ పాసింజర్లు ఎంతమంది?" అని రోజూ పొద్దున అడిగేవాడు. సాయంత్రం, "మంచు ఎట్లుంది?" అనేవాడు. చెమట కాలువలు కట్టి చెప్పుల్లోకి దిగుతున్నా తిరుపతి స్వెటర్ విప్పలేదు.

ఇంతలో మందు తన పని తాను చేసుకుపోయింది. నాలుగో వారం దాటేసరికి అలారం కంటే ముందు మెలకువ వచ్చింది. సిగ్నల్ దగ్గర కునుకు పోయింది. ఆటో కడుగుతూ ఈల వేస్తున్నాడని పక్కింటివాళ్లు చెబితే తిరుపతికే నమ్మబుద్ధి కాలేదు. గడ్డం రోజూ గీసుకుంటున్నాడు. కిష్టమ్మ దారంకొన పంటితో తెంపుతుంటే ఆ తెంపడం చూస్తూ అన్నం చల్లారబెట్టుకుంటున్నాడు. కానీ ఆమె లేచి రెండడుగులు ఇటు వేస్తే చాలు, తిరుపతి నాలుగడుగులు అటు వేసేవాడు.

"మందే నన్ను దాని దిక్కు తోస్తది సారు, మందే అడ్డం నిలవడ్తది. నా బాధ ఎవలికి చెప్పుకోను?"

"కిష్టమ్మకి చెప్పాలయ్యా!"

"గదే చెప్పకపోతిని."

చాప తీసుకుని మిద్దెమీదికి పోయాడు. నీళ్లిస్తే, "స్టూలు మీద పెట్టు" అన్నాడు. ఇంట్లోనూ స్వెటరే. కిష్టమ్మ మూడేళ్లు మౌనంగా ఓర్చుకుంది. ఇప్పుడు ఈ మనిషి ఈలలు, నున్నటి గడ్డం, అద్దంలో నవ్వులు, తనను చూస్తే పరుగు. నాగోల్‌లో ఉండే అక్క సైదమ్మకు ఫోను చేసింది. సైదమ్మ అరగంటలో బస్సు ఎక్కి దిగి, చాయ్ తాగకముందే తేల్చేసింది.

"భుజం మీద ఎవలదో పేరు పొడిపిచ్చుకున్నడే! పచ్చబొట్టు. లేకుంటే మే నెలల స్వెటర్ ఏందే?"

కిష్టమ్మ లేచింది. సంచిలో నాలుగు చీరలు పెట్టి గడప దగ్గర ఉంచింది. ఫాల్ కత్తిరించే పెద్ద కత్తెర చేతిలోకి తీసుకుంది.

ఆ సాయంత్రం తిరుపతి ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

"స్వెటర్ ఇప్పు."

"చలేస్తుంది."

"ఇప్పుతవా, కత్తిరియ్యాల్నా?"

ఇరవై ఆరేళ్ల కాపురంలో మొదటిసారి మంచం చుట్టూ పరుగులు. తిరుపతి ముందు, కిష్టమ్మ వెనక, సోఫాలో చాయ్ గ్లాసుతో సైదమ్మ తలను అటూ ఇటూ తిప్పుతూ. నాలుగో చుట్టులో కిష్టమ్మకు స్వెటర్ కాలరు దొరికింది. ప్రాణం మీదికొచ్చినట్టు తిరుపతి కేకేశాడు.

"ముట్టుకోకే! మీసాలొస్తయ్!"

 సైదమ్మ గ్లాసు కింద పెట్టి, పైపెదవి తడుముకుంది.

కత్తెర పని ఆగలేదు. ఊలు చీలింది, చొక్కా గుండీలు రాలాయి, రెండు భుజాలూ బయటపడ్డాయి. పేరు లేదు. పచ్చబొట్టూ లేదు. చెమటకాయలు మాత్రం ఊరేగింపుగా ఉన్నాయి.

"పేరు లేదు, సరే" అంది కిష్టమ్మ. కత్తెర పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది, గొంతు కూడా దిగింది. "మరి నన్ను జూసి ఎందుకు ఉరుకుతున్నవ్? పాతబడ్డనా నీకు?"

ఆ మాటకు తిరుపతి పరుగు ఆగింది. మంచంమీద కూలబడి, దిండు గలీబు లోపల దాచిన డాక్టరు కాగితం, షాంపూ పొట్లాల్లాంటి నాలుగు జెల్ పొట్లాలూ ఆమె ముందు పెట్టాడు. "నువ్వు గాదే. నేను పాతబడ్డ. నీ మాట వినబుద్ధి గాని మనిషినయితున్ననని భయమైంది. గందుకే పోయిన డాక్టర్ కాడికి."

సైదమ్మ వంటింట్లోకి పోయింది. గ్లాసు కడుగుతున్న చప్పుడు పది నిమిషాలు వినిపించింది.

కిష్టమ్మ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నమ్మాలని ఉంది. కానీ నెలరోజుల పరుగు ఒక్క మాటతో పోతుందా? "రేపు డాక్టరమ్మ నోటితోటి వింట" అంది. "నిజమైతే సంచి ఇప్పుత. లేకుంటే నాగోలే."

తిరుపతి చెప్పడం ఇక్కడిదాకా వచ్చేసరికి నలుగురు పాసింజర్లు వచ్చి ఆటో వెనక సీట్లో కూర్చున్నారు. తిరుపతి ఆటో స్టార్ట్ చేశాడు. ఇంజిన్ మోత వాళ్లకూ వీళ్లకూ మధ్య తలుపు వేసింది. చైతన్యపురి దాటుతుండగా జోగారావు ఆగలేక మోచేత్తో పొడిచాడు.

"తర్వాతేమైందయ్యా! సంచి విప్పిందా లేదా?"

మర్నాడు డాక్టరమ్మ గదిలో తిరుపతి టైల్స్ చూశాడు. కిష్టమ్మ చూడలేదు. కుర్చీ ముందుకు లాక్కుని ఒక్కొక్కటీ అడిగింది. ఈ మందు నిజంగా దేనికి? ఎన్నాళ్లు? గుండెకేమన్నా అయితదా? రక్తం ఎందుకు చిక్కబడతది? ఆఖరుకు, "మేడం, సక్కగ చెప్పుండ్రి. నాకు మీసాలొస్తయా?"

విజయశ్రీ నవ్వు ఆపుకోవడానికి చీటీల మీద ఏదో వెతికింది. "జెల్ తడిగా ఉన్న చర్మం మీకు మళ్లీ మళ్లీ తగిలితే ఇబ్బందేనమ్మా, అందుకే జాగ్రత్త చెప్పాను. పిల్లలకైతే మరీను. కానీ రాసుకుని, ఆరనిచ్చి, చొక్కా తొడుక్కుంటే పక్కన కూర్చున్నవాళ్లకు ఏమీ కాదు. ఒంటికి ఒళ్లు తగిలే వేళయితే ముందు భుజాలు సబ్బుతో కడుక్కోమనండి."

"గంతేనా?"

"అంతే. స్వెటర్ నేను రాయలేదు."

కిష్టమ్మ మొగుడి వైపు తిరిగింది. ఆ చూపుకు మే నెలంతా ఒక్కసారిగా తిరుపతి ముఖం మీదికి వచ్చింది. తర్వాత ఆమె నవ్వడం మొదలుపెట్టింది. మెట్లు దిగుతూ నవ్వింది, రోడ్డు దాటుతూ నవ్వింది, ఆటో దగ్గర రేకు పట్టుకుని వంగి నవ్వింది. చీరకొంగుతో ఆ సుద్దరాతను తుడిచేసి, వెనక సీటంతా ఖాళీగా ఉన్నా ముందుకొచ్చి అతని పక్కన ఎక్కింది. పాతికేళ్లలో ఆమె ముందు సీటు ఎక్కడం అదే మొదలు.

"కొత్తపేట కాడ ఐస్‌గోలా తిన్నం సారు. ఇద్దరికి ఒక్కటే పుల్ల. నాలికలు ఎర్రగైనయి. భుజం మీద తల పెట్టి, 'చొక్కా ఉన్నది గదా' అంటది. మళ్ల నవ్వు. బండి వంకరటింకర పోయింది, సత్తెంగ. సంచి ఇంటికి పోంగనే ఇప్పింది. ఆ రాత్రి రెండు బకెట్ల నీళ్లు, కొత్త సబ్బు..."

"చాలు చాలు" అన్నాడు జోగారావు, మళ్లీ స్తంభాల నంబర్లు చదువుతూ. ముఖమంతా నవ్వు. "స్వెటరేం చేశారు?"

తిరుపతి సీటు కింద నుంచి మెరూన్ రంగు ముక్క తీసి, ముందద్దం ఒక్క తుడుపు తుడిచి చూపించాడు.

ఎల్బీనగర్ వచ్చింది. వెనకవాళ్లు దిగిపోయారు. అడ్డాలో వరసగా ఉన్న ఆటోల్లో మూడోది రాజుది. కాళ్లు రెండూ బయటికి వేలాడేసి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు రాజు. తొమ్మిది కూడా కాలేదు.

తిరుపతి గొంతు తగ్గించాడు. "సారు, ఒక్క పని చెయ్యుండ్రి. గా రాజుగాడు మూడు నెల్లసంది దొరికినప్పుడల్ల గట్లనే పంటడు. ఈ నడుమ చాయ్‌కు పిలిచినా లేస్తలేడు, కశ్మీర్ అనుడు గూడ బంద్ జేసిండు. అందరికీ నాదే ఉంటదని గాదు. షుగర్ గావొచ్చు, రాత్రిపూట గురక గావొచ్చు, ఏందో పరీక్ష జేస్తేనే తెలుస్తదని మేడం చెప్పింది. నేను చెప్తే స్వెటర్ గుర్తొచ్చి నవ్వుతడు. మీరు పెద్దమనిషి, మీ మాట ఇంటడు. పొద్దుగాల ఎనిమిదికి, ఏం తినకుంట పోయి రక్తం ఇయ్యమనుండ్రి. నా పేరు చెప్పకుండ్రి."

జోగారావు చెప్పులు సర్దుకుని దిగాడు. రెండడుగులు వేశాడో లేదో, వెనక నుంచి మళ్లీ కేక.

"సారూ! డాక్టర్ ముంగట కూసున్నప్పుడు టైల్స్ దిక్కు చూడొద్దని గూడ చెప్పుండ్రి. పెండ్లాన్ని ఎంబడి తోల్కపొమ్మనుండ్రి!"