ఎదురింటి రైలింజను చప్పుడు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున పులివెందుల నుంచి ఫోను వచ్చింది. మా ఎదురింటి మామ కూతురు. "నాయన పొయ్యినాడన్నా" అని ఒక్క మాట చెప్పి ఏడ్చేసింది. కూతుర్ని చూసొస్తానని రెండు రోజుల కిందటే బస్సెక్కిన మనిషి. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్లాగే గోడకు ఒరిగిపోయాడట. మంచం పట్టలేదు, ఆసుపత్రి మెట్లెక్కలేదు. పోవడం కూడా ఇంత సులువుగా ఈయనకే దక్కాలా అని నాకు మొట్టమొదట కలిగింది అసూయే. ఏడుపు తర్వాత వచ్చింది.

చదివేవాళ్లు తిట్టుకుంటే తిట్టుకోనీ. పోయినవాళ్ల గురించి అందరూ మంచే రాస్తారు, నేనూ మంచే రాస్తాను. కానీ నా అసూయను పక్కన పెడితే ఆయన గురించి రాయడానికి నా దగ్గర సగం కూడా మిగలదు.

మామ ప్రొద్దుటూరులో నలభై ఏళ్లు కుంపటి ముందు కూర్చొని బంగారు పని చేశాడు. మిషను నగలు వచ్చి చేతిపని తగ్గాక ఇంటి పట్టున ఉండిపోయాడు. నేను జమ్మలమడుగులో కాలేజీ పిల్లలకు ఫిజిక్సు చెప్పి సాయంత్రానికి ఇల్లు చేరుతాను. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. వీధంతా మామా అంటే నేనూ మామా అన్నాను.

నాకు చిన్న రైలింజన్ల పిచ్చి. ఎవరైనా వాటిని బొమ్మలంటే కోపం వచ్చేది, మోడల్ అనండి అనేవాణ్ణి. అసలు ఇంజనును కొలత తప్పకుండా చిన్నది చేస్తే అరచేతంత అవుతుంది. లోపల మోటారు, కింద కరెంటు పట్టాలు. కొత్తవి మన జీతాలకు అందవు కాబట్టి, ఎవరో వాడి పక్కన పడేసినవాటిని ఇంటర్నెట్ వేలంలో పాడుకోవాలి. అక్కడ అన్నిటి కిందా ఒకే రకం రాత ఉంటుంది. పనిచేస్తుందో లేదో చూడలేదు, వాపసు తీసుకోము. ఆ రాత చదివి కూడా కొనేవాణ్ణి పిచ్చివాడనే అనాలి. నేను ఏడెనిమిది కొన్నాను. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాను. వాటిలో సరిగ్గా నడిచేవి రెండే.

ఒకరోజు మామ ఏదో పనిమీద మా ఇంటికి వచ్చి వాటిని చూశాడు. ఒకదాన్ని చేతికిమ్మన్నాడు. ఇస్తే ముందు వెల్లకిలా తిప్పాడు.

"అదేంది మామా, ముందరి పక్క చూడవా?"

"పై మెరుగు అందరూ సూస్తారు సారూ. మేము అడుగు సూస్తాం. పనోడు ఎంత నిజమైనోడో ఆడనే తెలుస్తాది."

ఆ తర్వాత వేలం ఎట్లా పాడాలో నేర్పమని నా వెంట పడ్డాడు. నేర్పాను. మొదటే ఎగబడవద్దనీ, గడువు ముగిసే చివరి నిమిషం దాకా ఊపిరి బిగబట్టి అప్పుడు పాడమనీ చెప్పాను. నా విద్యంతా ధారపోశాను. గురువును మించిన శిష్యుడంటే గురువుకు గర్వంగా ఉంటుందని ఎవరన్నారో కానీ, వాళ్లకు ఎదురింట్లో శిష్యుడు ఉండి ఉండడు.

ఆయన కొన్న మొదటి ఇంజను నేను వద్దన్నదే. నల్లటి ఆవిరి ఇంజను. ఫోటోలో పొగగొట్టం తప్ప ఏమీ కనబడలేదు. చెత్త మామా, మోసపోతావు అన్నాను.

"ఫోటో బాగ తీసినోడికి దాంట్లో ఏముందో బాగ తెలుసు సారూ, వాన్ని సూసి బయపడల్ల. ఈనికి ఏమీ తెలీదు. ఇట్లాంటోని దగ్గరే మంచి సరుకు ఉంటాది."

పాట ఆయనకే దక్కింది. అమ్మినవాడు ఏ దేశంలో ఉన్నాడో అనుకుంటే, పక్కన పులివెందులలోనే. కువైట్‌లో పనిచేసి వచ్చిన మనిషి, అక్కడి యజమాని పిల్లలు వద్దనుకున్న ఇంజనును పెట్టెలో వేసుకొచ్చాడట. ఇప్పటిదాకా రైలు మొహం చూడని ఊళ్లో ఈయనకు రైలింజను దొరికింది! మామ పార్సిలు వద్దని బస్సెక్కి పోయి, తువ్వాలలో చుట్టుకొని తెచ్చుకున్నాడు.

వసారాలో చాప వేసుకొని, ఒళ్లో తెల్లగుడ్డ పరుచుకొని దాన్ని విప్పాడు. బంగారు పనిలో అది అలవాటు. రవ్వంత పొడి రాలినా గుడ్డలోనే పడాలి. మూడు రోజులు తుడిచి, నూనె వేసి, తెగిన తీగకు టంకం పెట్టాడు. నాలుగో రోజు అది నడిచింది. మోటారుకు ఉన్న పంటిచక్రంలో ఒక పన్ను అరిగి ఉండటంతో, నడుస్తుంటే చిన్న సుత్తితో తట్టినట్టు టక్, టక్ మని వినిపించేది. ఆ చప్పుడు మా ఇంటి హాలు దాకా వచ్చేది.

రోజూ సాయంత్రం అదే వరస. గుండ్రంగా పరిచిన పట్టాల మధ్యలో అత్త స్టీలు గ్లాసుతో కాఫీ పెట్టేది. ఇంజను గ్లాసు చుట్టూ తిరిగేది. మామ దాని మీదుగా చెయ్యి చాపి గ్లాసు తీసుకొని ఒక గుక్క తాగి, మళ్లీ మధ్యలోనే పెట్టేవాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. నా భార్య కూడా ఒకసారి పోయి చూసొచ్చి, "మనవి చూసేదానికి, మామది నడిచేదానికి" అంది. ఆ మాటకు నాకు రాత్రి అన్నం సయించలేదు.

అందుకే అదే రకం ఇంజను, అచ్చం మామదాని లాంటిదే, అట్టపెట్టెతో సహా వేలానికి వస్తే నేను వదల్లేదు. ఆయన పెట్టినదానికి ఎన్నో రెట్లు పాడాను. ఫోటోలు అద్దంలా ఉన్నాయి. మామకు చూపిస్తే, "ఫోటో మరీ బాగుంది సారూ" అన్నాడు. కుళ్లుకుంటున్నాడని సంతోషపడ్డాను.

పార్సిలు వచ్చాక వీధంతా చూసేలా విప్పాను, కానీ నడపలేదు. కాలేజీ సైన్సు ప్రదర్శనలో నా చేతులమీదుగా మొదటిసారి నడుపుతానని ప్రిన్సిపాలుకూ పిల్లలకూ చెప్పేశాను. ప్రదర్శనకు రెండు రోజుల ముందు పరీక్షగా పట్టాలమీద పెడితే, అది కదల్లేదు. కాలిన వాసన మాత్రం వచ్చింది.

వీధిలో ఎవరూ లేని సమయం చూసి, పెట్టెను సంచిలో దాచుకొని ఎదురింటికి పోయాను. మామ వెల్లకిలా తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు.

"ఎల్లుండి పొద్దున్నే ఇస్తా, పో సారూ."

"విప్పేటప్పుడు నేనూ ఉంటా మామా."

ఆయన నవ్వాడు. "అమ్మ నగ చేసినా రవ్వంత కాజేస్తారంటారే మమ్మల్ని. అదేనా నీ బయం?"

నేను కాదనలేదు. కాదని ఉండాల్సింది.

"మాకూ ఒగ ధర్మం ఉండాది సారూ. గిరాకీ వస్తువులో పాతది ఏదన్నా తీస్తే, గులాబి కాగితంలో కట్టి, పేరు రాసి, ఆయనకే ఇస్తాం. ఆకురాయి పొడి గూడా ఆయనదే."

చెప్పినట్టే మూడో రోజు పొద్దున ఇంజను ఇచ్చాడు. ఏం మార్చావని అడిగితే, "తుడిచినా, అంతే" అన్నాడు. గులాబి కాగితం ఏదీ ఇవ్వలేదు. ప్రదర్శనలో అది రోజంతా తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, ప్రిన్సిపాలు దాంతో ఫోటో దిగాడు. కానీ నడుస్తుంటే టక్, టక్ మంటోంది.

ఆ చప్పుడు నా చెవిలో ముల్లయింది. సాయంత్రం నేరుగా పోయి అడిగాను.

"చప్పుడు వస్తాంది మామా. మామూలుగా రాకూడదే."

"నడుస్తాంది కదా సారూ. చప్పుడు అలవాటయితాదిలే."

అప్పటి నుంచి మామ ఇంజను ఆగిపోయింది. అడిగితే, దానికి ముసలితనం వచ్చిందన్నాడు. ఫిజిక్సు చెప్పేవాడికి ఈ లెక్క తట్టలేదా అని మీరడుగుతారు. నాకు వేరే లెక్క తట్టింది. నా ఇంజనులోని మేలైన మోటారు ఆయన తీసేసుకొని, తన అరిగిన మోటారు నాకు అంటగట్టాడు. తనది నడిపితే చప్పుడు లేదని దొరికిపోతాడు, అందుకే నడపడం లేదు. కాలిన వాసన నా ముక్కుతో నేనే చూశానన్న సంగతి ఎక్కడికి పోయిందో! కళ్లు కుట్టినవాడికి ముక్కు కూడా పనిచేయదు కాబోలు. విప్పి చూద్దామంటే, చేతకాని నా చెయ్యి పడి గీతలు పడితే వస్తువు విలువ పోతుందని భయం. దాన్ని కూడా బీరువాలో పెట్టి తాళం వేశాను.

నా భార్యకు చెప్పాను. అక్కడితో ఆగలేదు. టీ అంగట్లో నలుగురి ముందూ, "కుంపటి ముందర కూర్చున్న చెయ్యి ఊరికే ఉంటుందా" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎదురింటి దాకా పోకుండా ఎట్లా ఉంటుంది? అయినా మామ నాతో మాట మానలేదు. వేలంలో ఏదైనా కనబడితే ఫోను పట్టుకొని వచ్చేవాడు. ఒకసారి మాత్రం, ఏ సందర్భమూ లేకుండా అన్నాడు. "అతుకు పెట్టినామని తెలీకుండా పెట్టల్ల సారూ. తెలిసిందంటే వస్తువుకే చిన్నతనం." పని గురించి చెబుతున్నాడనుకొని తలూపాను.

ఇట్లా రెండేళ్లు గడిచాయి. సాయంత్రాలు ఎదురింట్లో చప్పుడు లేదు. మొదట్లో నాకు హాయిగానే ఉండేది, ఆ మాట కూడా దాచను.

కర్మ అయిన మరుసటి రోజు అత్త మా గడప దగ్గరికి వచ్చింది. చేతిలో తువ్వాలలో చుట్టిన నల్ల ఇంజను.

"పులివెందులకు పోయే ముందర చెప్పినాడు నాయనా. సారుది ఒగటి నా దగ్గర ఉండిపోయింది, నాకేమన్నా అయితే ఈ ఇంజను ఇచ్చెయ్, విప్పి సూసుకుంటాడు అన్నాడు."

దొరికాడు అనుకున్నాను. పోయిన మనిషి మీద కూడా అట్లా అనుకున్నాను. అత్త అటు తిరగ్గానే స్క్రూలు విప్పాను. మోటారు ఉండాల్సిన చోట మోటారు లేదు. గులాబి కాగితం పొట్లం ఉంది. దానికి దారం, దారానికి చీటీ. చీటీ మీద పెన్సిలుతో, "సారుది. కాలింది."

పొట్లంలో నల్లగా మాడిన మోటారు. రెండేళ్ల తర్వాత కూడా అదే వాసన.

నేలమీద కూలబడి ఏడ్చాను. ప్రదర్శనలో నా పరువు పోకూడదని తన ఇంజను గుండెకాయ తీసి నా దాంట్లో పెట్టాడు. పాతది నా చేతికిస్తే నేను మోసపోయానని నాకు తెలిసిపోతుందని, తన ధర్మాన్ని కూడా ఆపుకొని, నా సొత్తును పేరు రాసి దాచాడు. దొంగ అంటే అనిపించుకున్నాడు. ఒకరికి అంత ఇచ్చి నోరు మూసుకొని ఉండటం నాకు ఈ జన్మలో చేతకాదు. ఆ ఇంజను మీద నాకు ఏనాడూ లేనంత అసూయ ఇప్పుడు ఆ గుణం మీద ఉంది. ఇందులో పోటీ పడదామన్నా మనిషి లేడు.

మరునాడు టీ అంగడికి పోయి, అప్పుడు నవ్విన వాళ్లందరికీ జరిగింది చెప్పాను. ఒకాయన గ్లాసు పెట్టేసి లేచిపోయాడు. ఇంటికొచ్చి నా ఇంజను విప్పి, మామ మోటారును ఆయన ఇంజనులో బిగించాను. గులాబి కాగితంలో చుట్టి, చీటీ మీద "మామది" అని రాసి, ఎదురింటికి తీసుకుపోయాను. మాడిన మోటారు నా బీరువాలో, అద్దం వెనక, చీటీతో సహా ఉంది.

వసారాలో పట్టాలు పరిచి ఇంజను పెట్టాను. టక్, టక్ మని కదిలింది. శనక్కాయలు వలుస్తున్న అత్త చెయ్యి ఆగింది. నా వైపు చూడలేదు. లేచి లోపలికి పోయింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాసేపటికి స్టీలు గ్లాసుతో కాఫీ తెచ్చింది. ఇంజను అటు పోయేదాకా ఆగి, వంగి, పట్టాల మధ్యలో పెట్టింది. నాకు చెయ్యి చాపడానికి ధైర్యం చాలలేదు. పొగలు కక్కుతున్న ఆ గ్లాసు చుట్టూ ఇంజను తిరుగుతూనే ఉంది.