అరడుగు ఎక్కువైన ఇటలీ

విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్ళదలచినవారు పొద్దుటి పాసింజరే ఎక్కండి. ఆరూ నలభైకి బయలుదేరుతుందని బోర్డు మీద రాసి ఉంటుంది. నేను ఎక్కిన గురువారం నాడు ఏడూ పదికి కదిలింది. ధనుర్మాసపు మంచు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి కూర్చుంది. ఇంజను వదిలే పొగ ఏదో, మంచు ఏదో తెలియలేదు. మూడో తరగతి పెట్టెలో నన్ను చూసి నలుగురు లేచి కిటికీ పక్కన చోటిచ్చారు. కాదు, నిజమే రాస్తాను. ఒక్కడే లేచాడు, అదీ తను ఎక్కిన బండి అది కాదని తెలిసి దిగిపోవడానికి.

నా ఒళ్ళో గోనెసంచిలో చుట్టిన ఇనుప రింగు ఒకటి ఉంది. ప్రయాణమంతా దాని కోసమే.

శ్రీకాకుళంలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో నా మేనకోడలు సావిత్రి డ్రిల్లు టీచరు. యుద్ధకాలంలో నేను మిలట్రీలో చేరి ఇటలీ వెళ్ళినవాణ్ణి. అక్కడ బాస్కెట్‌బాల్ జట్టుకు కెప్టెన్‌గా ఉన్నాననీ, అమెరికా సోల్జర్లను ఓడించాననీ దాని చిన్నప్పటి నుంచీ చెబుతూ వచ్చాను. ఏడాదికొకసారి నేను వేసిన గోల్స్ సంఖ్య పెరిగేది. అందుకే పోయిన వేసవిలో, పిల్లలకు ఆ ఆట నేర్పాలనుకున్నప్పుడు, రింగు కొలత రాయమని నన్నే అడిగింది. "అడ్డంగా రెండడుగులు. అంతర్జాతీయ కొలత" అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

ఈ ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందు దాని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

"మావయ్యా, మా పిల్లలు ఎక్కణ్ణించి విసిరినా బంతి రింగులో పడిపోతోంది. ఇటలీలో కూడా ఇంతేనా? శనివారం విజయనగరంలో మాకు మొదటి మ్యాచి. నువ్వు రెండు రోజులు ముందుగా వచ్చి, ఇటలీలో ఈ ఆట ఎలా పుట్టి ఎలా పెరిగిందో పిల్లలకు చెప్పాలి. మా పెద్ద టీచరుకి ఆడపిల్లలు గెంతడం ఇష్టం లేదు. శనివారం పరువు పోతే రింగు స్తంభం పీకించి అక్కడ బెండమడి వేయిస్తానని చెప్పేసింది."

రెండు రోజులు ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. మూడోనాడు మధ్యాహ్నం మా విజయనగరం కాలేజీ మైదానం పక్కనుంచి పోతుంటే, అక్కడి రింగు నీడ నేల మీద గుండ్రంగా పడి కనిపించింది. ఊరికే గొడుగుతో కొలిచాను. మళ్ళీ కొలిచాను. అడుగున్నర! మైదానం చూసుకునే ఆయన్ని అడిగితే, "ఎక్కడైనా అంతే కదండీ" అన్నాడు.

ఆర్నెల్లుగా ఆ పిల్లలు నా అబద్ధంలోకి బంతులు వేస్తున్నారు. అది మామూలు రింగుకంటే అరడుగు వెడల్పు. శనివారం వాళ్ళు అసలు రింగు ముందు నిలబడాలి. బండి చక్రాలకు పట్టాలు వేసే కమ్మరి దగ్గర కూర్చుని, సరైన రింగు చేయించుకుని బయలుదేరాను.

నెల్లిమర్లలో జూట్‌మిల్లు రాత్రి షిఫ్టు దిగిన నడివయసు మనిషొకడు ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. ఒంటి నిండా జనపనార నూగు. కాసేపు సంచీనే చూశాడు.

"ఏటి బావూ అది? బండి పట్టా అయితే ఇంత సిన్నదేటి?"

"ఇటలీ నుంచి తెప్పించాను," అన్నాను.

సంచీ విప్పి చూశాడు. అతుకు దగ్గర బొటనవేలితో రుద్దాడు. "ఇటలీలో కూడా మనోళ్ళలాగే అతుకేస్తారేటి?" అన్నాడు. పెట్టెలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను కిటికీలోంచి మంచును చూడటం మొదలుపెట్టాను.

అతనికి జాలి కలిగినట్టుంది. "ఇంతకీ దేనికిది?" అన్నాడు. ఆట సంగతి చెప్పాను. దీని కింద వల కడతారనీ, అది నా దగ్గర లేదనీ చెప్పాను. అతను నడుముకు చుట్టుకున్న జనపతాడు విప్పి, రింగును మోకాళ్ళ మధ్య పెట్టుకుని అల్లడం మొదలెట్టాడు.

"ఉట్టిలాగేనా?"

"ఉట్టే. కానీ అడుగు ఉండకూడదు."

"అడుగు నేని ఉట్టేటి బావూ? కుండ కిందడిపోదా?"

"పడాలి. అదే ఆట."

అతను చెయ్యి ఆపి నావైపు చూశాడు. "మంచి ఆటే," అని మళ్ళీ అల్లాడు. చీపురుపల్లిలో బండి ఆగేసరికి ముడులు పూర్తయ్యాయి. "ఆడపిల్లలా ఆడతారు? మా గుంట కూడా ఉన్నాది, ఎగిరితే దూలం అందుకుంతాది," అంటూ దిగిపోయాడు. పేరు అడగడం మరిచాను.

అక్కణ్ణించి బండి నడవలేదు, తేలింది. సిగడాం దాటాక పొలాలు లేవు, కొండలు లేవు, తెల్లదనం ఒక్కటే ఉంది. అందులోంచి తాటిచెట్టు మొవ్వు ఒకటి వచ్చి, నన్ను పలకరించి వెనక్కి పోయేది. అలాంటి తెల్లదనం నేను ఇంకొక్కచోటే చూశాను. మంచు కురిసిన పొద్దున్న, ఇటలీలో సియెనా పట్నానికి దగ్గర్లో ఒక చిన్న ఊళ్ళో. బడిని ఆసుపత్రిగా మార్చారు. నాకు పచ్చకామెర్లు. కిటికీలోంచి చూస్తే పెరట్లో ఆడపిల్లలు గోడకు కొట్టిన రింగులోకి బంతి వేస్తున్నారు. నోళ్ళలోంచి ఆవిర్లు. బంతి మంచులో మాయమై, రింగు దగ్గర మళ్ళీ పుట్టేది. పొందూరు స్టేషన్లో వేరుసెనక్కాయలమ్మి కేక వేసేదాకా నేను ఆ కిటికీ దగ్గరే ఉన్నాను. అప్పుడు నాకు నలభై ఏళ్ళు. ఇప్పుడు ఎన్నో అడక్కండి, ఎంత చెప్పినా మీరు తగ్గించుకుంటారు.

దూసి దాటాక నాగావళి వంతెన మీద మంచు విడిపోయింది. పదింబావుకి ఆమదాలవలస. స్టేషన్ బయట రెండిడ్లీ, కాఫీ. చట్నీ కారం, కాఫీ తీపి, రెండూ అతిగానే. శ్రీకాకుళం బస్సులో నిలబడే వెళ్ళాను. రింగును మెడలో వేసుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయని కనిపెట్టాను. కండక్టరు "దండేసుకుని ఎక్కడికి బావూ, పెళ్ళికా?" అని టికెట్టు చింపాడు. బస మేనకోడలి ఇంట్లోనే, అరసవల్లి దారిలో. ఎవరూ లేనివారికి గుడి దగ్గర లాడ్జీలు ఉన్నాయి.

సావిత్రి నా మెడలో రింగు చూసి నవ్వింది. దాన్ని గుమ్మానికి వేలాడుతున్న, తమ రింగు చేయించినప్పటి కొలతతాడు పక్కన పెట్టి నవ్వు ఆపేసింది.

"మావయ్యా, ఇదేటి?"

"అసలుది."

"మరి మాది?"

నేను చెప్పులు విప్పడం మొదలుపెట్టాను. అది లోపలికెళ్ళి గ్లాసెడు మజ్జిగ తెచ్చి, నా ముందు గట్టిగా పెట్టింది. "రెండింటికి బళ్ళో నీ ఉపన్యాసం. ఈ మాట నువ్వే సెప్పు. నేను సెప్పను," అంది. చదువుకున్న పిల్ల, కోపం వస్తేనే ఊరి మాట వస్తుంది.

రెండు గంటలకు మైదానంలో పదిమంది ఆటగత్తెలు, వెనక బడి మొత్తం. పెద్ద టీచరు గొడుగు కింద కుర్చీలో, ముఖం ఇంకా గొడుగు నీడలోనే. స్తంభం మీద నా రెండడుగుల రింగు ఆకాశాన్నంతా పట్టుకుని ఉంది.

మొదలు బాగానే పెట్టాను. "ఇటలీకి ఈ ఆటను తెచ్చింది సోల్జర్లని నేను చాలామందికి చెప్పాను. అది తప్పు. ముందుగా తెచ్చింది సియెనాలో ఒక వ్యాయామం టీచరమ్మ. ఈ శతాబ్దం మొదట్లో, ఆట నియమాల్ని వాళ్ళ భాషలోకి రాసి, తన దగ్గరున్న ఆడపిల్లల చేత ఆడించింది. మగవాళ్ళు తరవాత నేర్చుకున్నారు."

పెద్ద టీచరు గొడుగు కొంచెం వెనక్కి వంగింది. "ఇది నిజమేనా, మిలట్రీ తాతగారూ? సావిత్రి మీ సంగతి చెప్పింది."

జేబులోంచి ఉత్తరాల కట్ట తీశాను. సియెనా దగ్గర మా ఆసుపత్రి పెరట్లో ఆ పిల్లల్ని ఆడించిన ఇంకో ముసలి టీచరమ్మ ప్రతి క్రిస్మస్‌కీ నాకు వచ్చీరాని ఇంగ్లీషులో రాస్తుంది. మొదటి యుద్ధం నాటి అమెరికా సోల్జర్లు ఆటను మగపిల్లల్లోకి ఎలా తెచ్చారో, తరవాత దేశానికంతటికీ ఒక సంఘం ఎలా ఏర్పడిందో, రెండో యుద్ధం అయ్యాక ఫ్యాక్టరీలు తమ పేర్లతో జట్లు ఎలా పెట్టుకున్నాయో, మొన్న మొన్న మిలాన్ జట్టు యూరప్ దేశాల జట్లన్నిటి మీదా ఎలా గెలిచిందో అన్నీ అందులో ఉన్నాయి. పెద్ద టీచరు కళ్ళజోడు పెట్టుకుని రెండు ఉత్తరాలు చదివింది. ఉపన్యాసం ఇక అక్కడితో ముగిస్తే బాగుండును. సావిత్రి నన్నే చూస్తోంది.

"ఇంకొకటుంది," అన్నాను. "నేను కెప్టెన్ని కాదు. ఏ జట్టులోనూ లేను. మిలట్రీ గోదాములో దుప్పట్లు లెక్కపెట్టే గుమాస్తాని. ఆ ఆటను కిటికీలోంచి చూశాను. ఒకసారి బంతి నా దగ్గరికి దొర్లింది. తిరిగి విసిరితే గేటు దాకా కూడా పోలేదు. యుద్ధంలో వాళ్ళ అసలు రింగు పోయింది. ద్రాక్షసారా పీపాకు బిగించే ఇనుపకట్టును గోడకు కొట్టి ఆడారు. నేను చూసింది ఆ పీపాకట్టును. అదే అంతర్జాతీయమని మీ టీచరుకు రాశాను. అసలు రింగు ఇదిగో."

ఎవరూ నవ్వలేదు. కెప్టెన్ సూరీడమ్మ అనే పిల్ల ముందుకొచ్చింది. వరి కోతల్లో నల్లబడిన చేతులు. రింగు తీసుకుని తలకు అడ్డంగా పట్టుకుని చూసింది.

"తాతా, ఆర్నెల్లు ఏసినాం. నీ మాట నమ్మే ఏసినాం. ఇప్పుడు రెండ్రోజుల్లో ఏటవుద్ది?"

నేను ఉత్తరాలు మళ్ళీ కట్టకట్టాను. పెద్ద టీచరు లేచింది. "స్తంభం సంగతి శనివారం చూద్దాం," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే రింగు మార్చారు. మొదటి ఇరవై బంతుల్లో ఒక్కటి పడింది. నేను స్తంభం కింద కూర్చుని తప్పిన బంతులు అందించాను. ఇటలీలో చెయ్యని పని అది. ఇనుము టంగుమన్నప్పుడల్లా సూరీడమ్మ నావైపు చూసేది. శుక్రవారం మధ్యాహ్నానికి చూడటం మానేసింది. సాయంత్రం ఎండలో పిల్లలూ బంతీ వాళ్ళ నీడలూ కలిసిపోయాయి. మిల్లు మనిషి అల్లిన వలలోంచి బంతి జారినప్పుడు, చెవిలో చెప్పినంత చిన్న చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు మధ్యలో ఒకమ్మాయి అంది: "పెద్దదాంట్లో ఇంత ఇదిగా ఉండేది కాదే."

శనివారం పొద్దున్న అందరం కలిసి పాసింజరెక్కాం. పాత రింగును కమ్మరికి ఇచ్చేద్దామని వెంట తెచ్చుకున్నాను. పిల్లలు దాన్ని చేతులు మార్చుకుంటూ, అందులోంచి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నెల్లిమర్ల దాకా వచ్చారు. స్టేషన్లో మిల్లు మనిషి కోసం చూశాను. కనబడలేదు.

మూడు గంటలకు కాలేజీ మైదానంలో మ్యాచి. మొదటి సగంలో మనవాళ్ళకు రెండే పాయింట్లు. చుట్టూ నిలబడ్డ మగవాళ్ళు ఈలలు వేశారు. రెండో సగంలో సూరీడమ్మ నేల మీద బంతి కొట్టుకుంటూ పోయి, ఎగిరి వేసింది. మళ్ళీ వేసింది. ఈలలు తగ్గాయి. పెద్ద టీచరు గొడుగు మూసి, దాని కొనతో నేల మీద పాయింట్లు గీసుకోవడం నేను చూశాను. చివరికి ఓడిపోయాం. సూరీడమ్మ ఏడవలేదు. "ఇంకో నెల్రోజులుంటే," అంది, అంతే.

ఐదున్నరకు వాళ్ళను బండెక్కించడానికి స్టేషన్‌కు వెళ్ళాను. బెండమడి మాట నేనే ఎత్తాలా అని ఆలోచిస్తుంటే, పెద్ద టీచరు నా చేతిలో పాత రింగు చూసింది.

"దాన్నెక్కడికి తీసుకుపోతున్నారు?"

"కమ్మరికి."

"ఇలా ఇవ్వండి. ఆరోక్లాసు వాళ్ళకి రెండో స్తంభం పాతిస్తాను, కొంచెం కిందికి. ముందు పెద్దదాంట్లో వేయడం నేర్చుకుంటారు." రింగు అందుకుని సావిత్రికిచ్చింది. "మీ సియెనా టీచరమ్మకి ఈ సంగతి రాయండి. ఉన్నది ఉన్నట్టు."

బండి కదిలింది. కిటికీలో ఆ రింగు, అందులో రెండు మూడు ముఖాలు, కొంతసేపు కనిపించి పొగలో కలిశాయి. నా ఇంటికి స్టేషన్ నుంచి నడక దూరమే. మూడు రోజుల తరవాత మొదటిసారి చేతులు ఖాళీగా ఉన్నాయి. వీధి మొదట్లో మంగలి, "ఏటి తాతా, మీవోళ్ళు గెలిసినారా?" అని అడిగాడు.

రెండు పాయింట్ల తేడాతో పోయిందని చెప్పాను.

ఆరు. మీకు మాత్రం చెబుతున్నాను, ఆరు.