కదిలిన చంద్రుడు

అట్లతద్దినాడు చీకటి పడ్డాక భీమడోలు స్టేషన్లో నా పాట్లు చెప్పనలవి కాదు. కెమెరాకి దూరాన్ని దగ్గర చేసే పెద్ద లెన్సు తగిలించి చంద్రుణ్ణి ఫోకస్‌లోకి తెచ్చేసరికి గూడ్సుబండి పోతుంది, స్టాండు వణుకుతుంది, చంద్రుడు అలికేసినట్టు పడతాడు. చివరికి మబ్బు కమ్మేసింది. ఒళ్లుమండి, తీసిన ఫోటోలన్నీ ఒక్కోటీ చెరిపేస్తున్నాను.

పక్క బెంచీ మీదున్న ఆవిడ పరుగున వచ్చింది.

"ఏవండీ, ఆగండాగండి! నేను రైలు సంగతి కనుక్కొచ్చేలోగా మబ్బేసేసింది. చంద్రుణ్ణి చూడందే ఉపవాసం విడవకూడదు. ఒక్కసారి చూపించండి."

"ఏం చూస్తారండీ, అంతా కదిలిపోయింది" అన్నాను విసుగ్గా.

"కదిలింది మీ కెమెరా కదండీ, ఆయన కాదుగా!"

కెమెరా తెర మీది చంద్రుడికి దణ్ణం పెట్టుకుని, డబ్బా తెరిచి, నా చేతిలోనూ ఓ అట్టుముక్క పెట్టింది. నూనె వేళ్లతో బటన్ నొక్కలేక ఆ ఒక్కటీ వదిలేశాను.

ఇంకా అలాగే ఉంది.